పిట్టల దొర టోపీ

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు. ఆ నాలుగూ ఏమిటో విడమరచి చెప్పలేదు గనుక మనం నిశ్చింతగా నవ్వుకుంటూనే ఉన్నాం. ఉగాది కానివ్వండి, సంక్రాంతి కానివ్వండి, మనామాలో మనవాళ్ళ సభ అంటే ప్రార్థన గీతం, చిన్నారుల నృత్యాలు, పెద్దల ప్రసంగాలు, ఆ తర్వాత భోజనాలకు ముందు ఒక హాస్య కార్యక్రమం ఉండి తీరవలసిందే. అది లేకపోతే పులిహోర లేని పండుగలా ఉంటుంది. ఈ మధ్య మన పిల్లలు ఆ అంశాన్ని "స్టాండప్" అంటున్నారు. మైకు పట్టుకుని ఒక్కరే నిలబడి, వేషమూ రంగూ తెరా ఏమీ లేకుండా, మాటలతోనే సభను నవ్వించడమన్న మాట. ఇది అమెరికాలో పుట్టి, బొంబాయి మీదుగా, సెల్‌ఫోనులోంచి మనదాకా వచ్చిందని వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకాన్ని కాస్త కదిలించాలనే ఈ వ్యాసం. ఒక్కడే నిలబడి మాటలతో ఊరిని నవ్వించే విద్య మనకు కొత్తది కాదు. అయితే ఆ విద్య ఎవరి చేతుల్లో పెరిగింది, ఎవరిని చూసి నవ్వడానికి పెరిగింది, ఇవాళ ఎవరిని చూసి నవ్వడానికి పనికివస్తోంది అన్నది కూడా చూడాలి. అది చూస్తే మన పండుగ వేదిక మీద మనం ఏం చేస్తున్నామో మనకే కొంచెం స్పష్టంగా తెలుస్తుంది.

ఊరి నడుమ దొర

మాది కరీంనగర్ వైపు పల్లె. వరి కోతలు అయి, ధాన్యం ఇళ్ళకు చేరే రోజుల్లో మా వాడకు ఒక దొర వచ్చేవాడు. మాసిన ఖాకీ చొక్కా, అతుకులు వేసిన లాగు, నెత్తిన పాత టోపీ, భుజాన చెక్క తుపాకి. ఆయన్ని పిట్టల దొర అనేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో లత్కోర్ సాబ్ అంటారు, కొన్నిచోట్ల తుపాకి రాముడంటారు. వాకిట్లో నిలబడి ఊపిరి తిప్పుకోకుండా కోతలు మొదలుపెట్టేవాడు. తనకు ఏడంతస్తుల మేడ ఉందనీ, గోడలు లేచాయి గాని పైకప్పు ఇంకా రాలేదనీ. వెయ్యెకరాల మాగాణి ఉందనీ, అందులో నీళ్ళొక్కటే తక్కువనీ. కలెక్టరు తన చుట్టమే గాని ఆ సంగతి ఇంకా కలెక్టరుకు తెలియదనీ, ఇదీ ఆ ధోరణి. పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. చివర్లో అంత ఆస్తి ఉన్న ఆ దొరే జోలె చాపేవాడు. అమ్మలు చేటలో బియ్యం తెచ్చి పోసేవాళ్ళు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ వేషంలో ఎంత తెలివి ఉందో అర్థమవుతుంది. తెలంగాణ పల్లెల్లో దొర అంటే ఉత్త గౌరవ వాచకం కాదు. వెట్టి చేయించుకునేవాడు దొర. ఆయన ముందు "బాంచెన్ దొరా, కాల్మొక్త" అని వంగి నిలబడవలసిన కాలం అది. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి మూలం ఆ వెట్టిలోనే ఉంది. అటువంటి ఊళ్ళో, సెంటు భూమి లేని సంచార జాతి మనిషి ఒకడు, తెల్లదొరల వేట దుస్తులనూ ఊరి దొరల దర్పాన్నీ కలిపి ఒంటికి తగిలించుకుని, "నేనే దొరను" అని నడివీధిలో నిలబడేవాడు. ఆ కోతలు వింటూ జనం ఎవరిని తలచుకుని నవ్వేవారో వేరే చెప్పాలా? గడీలో ఉన్నాయన్ని ఏమీ అనలేదు. అనవలసిందంతా అన్నాడు. ఎవరైనా కన్నెర్రజేస్తే "అయ్యా, నేను పిట్టల దొరను, నావన్నీ కోతలే" అని తప్పించుకోవచ్చు.

ఒక్కడు, తన మాట, తన ముందు జనం. స్టాండప్‌కు ఇంతకు మించిన నిర్వచనం ఏముంది? మైకు ఒక్కటే తక్కువ.

రాజు ముందర చెప్పిన నిజం

పెద్దవాళ్ళ తప్పును ఆటలో పెట్టి చూపడం మన కళాకారులకు చాలా పాత అలవాటు. మాచుపల్లి కైఫియత్‌లో ఒక ఉదంతం ఉంది. 16వ శతాబ్దం తొలినాళ్ళు. కడప సీమలో సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు వసూళ్ళ కోసం స్త్రీలను సైతం చిత్రహింసలు పెట్టేవాడు. ఆ దారిన వెళ్ళిన కూచిపూడి భాగవతులు అది చూశారు. వారు విజయనగరం చేరి ప్రభువు ఎదుట ప్రదర్శన ఇచ్చినప్పుడు, ఒకరు గురవరాజు వేషం, మరొకరు హింసకు గురైన స్త్రీ వేషం కట్టి, కళ్ళతో చూసినదాన్ని ఆడి చూపించారు. ప్రభువుకు సంగతి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడు. ఫిర్యాదు పత్రం లేదు, సాక్షి సంతకం లేదు. ఆటే ఫిర్యాదు అయింది. ఇవాళ అదే కడప సీమ నుంచి ఎందరో ఆడపడుచులు గల్ఫ్ ఇళ్ళలో పనికి వస్తున్నారు. వాళ్ళ తరఫున ఆట కట్టేవారు మనలో ఎవరున్నారన్న ప్రశ్న అడుగున దాచిపెట్టి ముందుకు వెళ్తాను.

తోలుబొమ్మలాట చూసినవారికి కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా గుర్తుండే ఉంటారు. రామాయణం నడుస్తూ ఉంటుంది. రాముడూ సీతా రావణుడూ పద్యాలూ ఒక పక్క. నిద్ర వచ్చే వేళకు ఈ మూడు చిన్న బొమ్మలు తెర మీదికి దూకి, పోట్లాడుకుని, బూతులాడుకుని, ఊరి కరణాన్నీ ఊరి పీనాసినీ కడిగి పారేసి పోతాయి. దేవతల బొమ్మలకు రంగులూ నగలూ ఎక్కువ, కేతిగాడికి నోరు ఎక్కువ. ఈ బొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ యాస మాట మాట్లాడుకుంటూ, ఆటలో మాత్రం చక్కని తెలుగు పద్యం చదివేవారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట అటువంటి కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బుర్రకథలోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. నడుమ కథకుడు, రెండు పక్కల వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత రాజకీయం చెబుతాడు. వీరగాథ మధ్యలో నవ్వుకూ, లోకం సంగతులకూ విడివిడిగా కుర్చీలు వేసిన కళ ఇది. 1940ల్లో ప్రజానాట్యమండలి చేతిలో అది ఎంత పదునెక్కిందంటే, అటు మద్రాసులో తెల్లవాళ్ళ ప్రభుత్వమూ ఇటు హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ రెండూ బుర్రకథను నిషేధించాయి. ఆ కళకు పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టినవాడు. పల్నాటి వీరుల కథను ఒక ముస్లిం కళాకారుడు చెబుతుంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించింది. ఆయన జీవితకథకు పెట్టిన పేరు "పింజారి". తన కులం పేరునే పుస్తకం పేరుగా నిలబెట్టుకోవడంలో ఉన్న ఆత్మగౌరవం గమనించదగినది.

ఆడవాళ్ళ సంగతీ ఒకటి చెప్పాలి. వేదికలు లేని రోజుల్లో ఆడవాళ్ళకు పెళ్ళి పందిరే వేదిక. మగపెళ్ళివారు బంతిలో కూర్చుంటే, వియ్యపురాలి మీదా ఆడబిడ్డల మీదా పాటలు కట్టి దెప్పిపొడిచే హక్కు ఆడపెళ్ళివారి ఆడవాళ్ళకు ఉండేది. కట్నం పుచ్చుకుని మీసం మెలేసే వియ్యంకుడు కూడా ఆ గంటసేపు నోరు మూసుకుని నవ్వవలసిందే. తల వంచి నిలబడవలసిన వారికి తల ఎత్తి నాలుగు మాటలనే సమయం ఇచ్చే ఆచారం అది.

నవ్వు దారి మళ్ళిన వేళ

ఇంతవరకూ చెప్పిన వాటన్నిటిలో నవ్వు కింది నుంచి పైకి పోతుంది. పేదవాడు వేషం కడతాడు, పెద్దవాడి గొప్ప బయటపడుతుంది. మరి ఎప్పుడు తిరగబడింది?

దీనికి నాకు తోచిన సమాధానం ఒకటే. నవ్వుకు టిక్కెట్టు పెట్టినప్పుడు. వీధిలో ఆడేవాడికి ఊరంతా ప్రేక్షకులే. హాలులో ఆడేవాడికి టిక్కెట్టు కొన్నవారే ప్రేక్షకులు. టిక్కెట్టు కొన్నవారిని నవ్వించాలంటే టిక్కెట్టు కొనలేని వాణ్ణి చూపించి నవ్వించడం సులువు. ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 19వ శతాబ్దంలో మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలని ఉండేవి. తెల్లవాళ్ళు ముఖాలకు మసి పూసుకుని, బానిసలుగా బతుకుతున్న నల్లవారి నడకనూ మాటనూ వెక్కిరిస్తూ డబ్బు చేసుకున్నారు. అక్కడి వినోద పరిశ్రమకు మొదటి పునాదుల్లో అదొకటి. ఆ దేశంలోనే 1961 జనవరిలో డిక్ గ్రెగరీ అనే నల్లజాతి యువకుడు చికాగోలోని ప్లేబాయ్ క్లబ్బులో ఒంటరిగా మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నవారిలో ఎక్కువమంది దక్షిణాది రాష్ట్రాల తెల్ల వ్యాపారులు. వాళ్ళ ముఖం మీదే వర్ణవివక్షను వేళాకోళం చేసి, వాళ్ళ చేతనే చప్పట్లు కొట్టించుకున్నాడు. స్టాండప్ అని మనం ఇవాళ చెప్పుకునేదానికి వన్నె తెచ్చినవి అటువంటి రాత్రులు.

మన సినిమాల్లో జరిగింది చూడండి. మా తెలంగాణ మాట దశాబ్దాల పాటు తెర మీద రౌడీకీ, పనిమనిషికీ, పక్కన నిలబడే కమెడియన్‌కే దక్కింది. రాయలసీమ యాస పగల కథలకు పోయింది, ఉత్తరాంధ్ర యాస అమాయకుడి పాత్రకు పోయింది. హీరో మాత్రం ఏ జిల్లాలో పుట్టినా పుస్తకం మాటే మాట్లాడేవాడు. మాటలో తప్పేమీ లేకపోయినా, ఫలానా యాస వినబడగానే నవ్వాలని మనకు అలవాటు చేశారు. ఆ అలవాటు సినిమా హాలులో ఆగలేదు. బడికీ, ఆఫీసుకూ, సముద్రం దాటి మన సభలకూ వచ్చింది.

కనిగిరి కుర్రాడు, వరంగల్లు మాస్టారు

అయినా కింది నుంచి వచ్చే నవ్వు చచ్చిపోలేదు. అందుకు సాక్ష్యం ఇద్దరు తెలుగువాళ్ళు.

బహ్రెయిన్‌లో జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడిన 1932లోనే, డిసెంబరు 28న వరంగల్లులో నేరెళ్ళ వేణుమాధవ్ పుట్టారు. పిల్లలకు పాఠం చెప్పుకునే మాస్టారు. గొంతు ఒక్కటే పెట్టుబడి. మంత్రులనూ మహానటులనూ వాళ్ళ ఎదుటే అనుకరించి వాళ్ళనే నవ్వించారు. హాలీవుడ్ చిత్రాల సంభాషణలూ గుర్రపు డెక్కల చప్పుళ్ళూ తుపాకి మోతలూ అన్నీ ఆ ఒక్క గొంతులోనే. అంతకు ముందు మిమిక్రీ అంటే నాటకంలో రెండు అంకాల మధ్య కాలక్షేపం. దానికి కళ అన్న హోదా తెచ్చినవారు ఆయన. 1972 నుంచి 1978 వరకు శాసనమండలి సభ్యులుగా ఉన్నారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 2018లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును ఇవాళ మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

రెండోవారి పేరు చెబితే మన పిల్లలు ఎగిరి గంతేస్తారు గాని, ఆయన తెలుగువాడని చాలామందికి తెలియదు. జానీ లివర్. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. పెరిగింది బొంబాయి ధారావి ప్రాంతంలో. చదువు ఏడో తరగతితో ఆగింది. వీధుల్లో సినీ నటుల గొంతులు పలుకుతూ పెన్నులు అమ్మాడు. కొంతకాలం హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురాలో ఉన్నాడు. తండ్రి పనిచేసే హిందుస్తాన్ లివర్ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరాడు. ఆ కంపెనీ వేడుక ఒకదానిలో వేదిక ఎక్కి, ముందు వరసలో కూర్చున్న పెద్ద ఆఫీసర్లను ఒక్కొక్కరినే అనుకరించాడు. వెనక వరసల్లోని కార్మికులు ఈలలు వేసి, "ఇవాళ్టి నుంచి నువ్వు జానీ లివర్‌వి" అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది నిర్మాత కాదు, పత్రిక కాదు. తోటి కూలీలు.

1982లో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ, అమితాబ్ బచ్చన్ బృందంతో ప్రపంచ పర్యటన చేశాడు. అదే ఏడాది సినిమాల్లోకి వచ్చాడు. "హసీ కే హంగామే" క్యాసెట్టు ఆయన గొంతును దేశదేశాలకూ తీసుకుపోయింది. భారతదేశపు తొలి స్టాండప్ కళాకారుల్లో ఒకడని ఇవాళ ఆయన్ని చెప్పుకుంటారు. అంటే మన దేశంలో ఈ కళ ఇంగ్లీషు వచ్చిన కాఫీ హోటళ్ళలో మొదలుకాలేదు. ఫ్యాక్టరీ గేటు లోపల, ఆఫీసరును వెక్కిరించగలిగిన తెలుగు కూలీ దగ్గర మొదలైంది. పిట్టల దొర టోపీ ఆయన నెత్తిన లేదు గాని, చేసిన పని అదే.

హైదరాబాదు వాళ్ళం ఇంకొక వారసత్వాన్ని కూడా మరవరాదు. దక్కనీ ఉర్దూలో హాస్యకవుల ముషాయిరాలు. సులేమాన్ ఖతీబ్ వంటి కవులు కట్నాల మీదా, అత్తాకోడళ్ళ మీదా బజారు మాటల్లో చెప్పిన కవితలకు పామరుడూ పండితుడూ కలిసి నవ్వారు. 1968 నుంచి హైదరాబాదులో "షగూఫా" అనే పత్రిక కేవలం హాస్యానికే అంకితమై వచ్చింది. లక్నో ఉర్దూ ముందు మాది మోటు మాట అని సిగ్గుపడవలసిన భాషే, నవ్వు దగ్గరికి వచ్చేసరికి రాణి అయి కూర్చుంది.

ఇటీవలి ఇరవై ఏళ్ళలో గాలి మళ్ళీ మారింది. చేవెళ్ళ పక్క పామెన ఊరి నుంచి వచ్చిన కుర్రాడు బిత్తిరి సత్తిగా టీవీలో వార్తలు చెబుతుంటే, తెలంగాణ పల్లె మాట నవ్వు పుట్టించింది. కాని ఆ నవ్వు పల్లెటూరి వాడి మీద కాదు, పల్లెటూరి వాడి కంటితో చూసిన లోకం మీద. 2019లో ఆయన నటించిన సినిమాకు "తుపాకి రాముడు" అని పేరు పెట్టడం ఊరికే కాదు. సిరిసిల్ల నుంచి వచ్చి, టీవీ నవ్వుల కార్యక్రమంలో పేరు తెచ్చుకున్న వేణు యెల్దండి 2023లో "బలగం" తీసి, నవ్వించిన ఊరి మాటతోనే ఊరందరినీ ఏడిపించాడు. హైదరాబాదు హాళ్ళలో యువకులు తెలుగులో, దక్కనీలో, ఇంగ్లీషులో స్టాండప్ చేస్తున్నారు. సంతోషమే. అయితే ఖరీదైన టిక్కెట్ల హాలులో ఎవరు నిలబడగలుగుతున్నారు, ఎవరు కూర్చోగలుగుతున్నారు అన్న పాత ప్రశ్న అక్కడా ఉంది.

మనామా ముచ్చట

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ దీవికి పనివాళ్ళ కళ తెలియనిది కాదు. చమురుకు ముందు ఇక్కడ ముత్యాల వేటే జీవనాధారం. నోఖదా అనే పడవ నాయకుడికి తరాల తరబడి అప్పుపడి, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగిన మనుషుల పాటలే ఫిజిరి. పడవ మీద పాడేందుకు నహ్హామ్ అని ప్రత్యేకంగా ఒక గాయకుడు ఉండేవాడు. బరువు లాగేవాడికి బలం పాట అని ఆ నాయకులకూ తెలుసు. ముహర్రఖ్‌లో ఇప్పటికీ వినబడే ఆ పాటలను యునెస్కో 2021లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పులో మునిగిన కూలీల పాట ఇవాళ దేశానికే గర్వకారణం.

మన పొరుగువారైన మలయాళీలనూ చూడండి. బహ్రెయిన్ కేరళీయ సమాజం 1947 నాటిది. కొచ్చిన్ కళాభవన్ వాళ్ళు 1981లో మిమిక్స్ పరేడ్ మొదలుపెట్టాక, ఆ మిమిక్రీ బృందాలకు గల్ఫ్ ఊళ్ళు రెండో ఇల్లు అయ్యాయి. ఆ కళాభవన్‌లోంచి వచ్చిన మణి చాలకుడిలో ఆటో నడిపిన దళిత యువకుడు. క్యాంపులో ఉండేవాడూ, కంపెనీ మేనేజరూ ఒకే హాలులో కూర్చుని ఆయన్ని చూసి ఈలలు వేశారు. తమలో ఒకడు వేదిక మీద ఉన్నాడని వెనక వరసలకు తెలుసు.

మన వేదికల మీద ఏం జరుగుతోంది? కొన్నేళ్ళ కిందట ఒక సభలో ఒక హాస్య నాటిక చూశాను. అందులో ఇంటి పనికి వచ్చిన సీమ ఆడమనిషి ఉంది. అరబ్బీ మాట తప్పు పలుకుతుంది, మిక్సీ చూసి భయపడుతుంది, మేడమ్ గారు తల పట్టుకుంటారు. హాలు ఘొల్లుమంది. చివరి వరసలో, సెలవు దొరికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయింది. భోజనాల దాకా ఆగకుండా ఇద్దరూ వెళ్ళిపోయారు. రాసినవారికి ఎవరినీ నొప్పించాలని లేదు. అందులో సందేహం లేదు. కాని మన ముందు వరసల్లో ఇంజనీర్లూ డాక్టర్లూ అకౌంటెంట్లూ ఉన్నప్పుడు, చేతికి అందే నవ్వు ఎప్పుడూ వెనక వరస మీదే పడుతుంది. అరబ్బీ తప్పు పలికేవాళ్ళం మనమూ ఉన్నాం. మన మీద మాత్రం నాటిక రాయం.

అలాగని క్యాంపుల్లో నవ్వు లేదనుకుంటే పొరపాటు. తుబ్లీ, సల్మాబాద్ వైపు గదుల్లో శుక్రవారం పూట కూర్చుని చూడండి. ఒక గదిలో నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి అన్ని మాటలూ ఒకే కుండలో ఉడుకుతుంటాయి. ఏజెంటు గురించి ఒకతను చెప్పిన మాట నేను ఎన్నటికీ మరవలేను. "ఏసీల పని అన్నడు సారూ. అబద్దం గాదు. ఏసీలు మోసే పనే." గదంతా పగలబడి నవ్వింది. ఇంకొకతను అందుకున్నాడు. "మా పోరడు ఫోన్ల బాపూ అంటడు. ఇంటికి వోయి ఎదురుంగ నిలవడితే అంకుల్ అంటడు." అందరూ నవ్వారు. నవ్విన తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కూర మాడుతోందని ఎవరో లేచారు.

డెబ్బైల నాటి చమురు వెల్లువ నుంచి ఇప్పటిదాకా మన పల్లెల నుంచి గల్ఫ్‌కు వచ్చినవారి చరిత్రను ఎవరైనా రాయదలిస్తే, వీసా కాగితాల్లో కంటే ఈ మాటల్లో ఎక్కువ దొరుకుతుంది. అప్పు తీరే లెక్క, ఏజెంటు మోసం, పిల్లల దూరం, కఫీల్ మంచితనం, కఫీల్ కోపం, అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇవి ఎక్కడా అచ్చు కాలేదు. చెప్పినవాడు వీసా ముగిసి ఊరికి పోతే మాటా వాడితోనే పోతోంది.

అందుకే సభ్య కుటుంబాలకు నా మనవి చిన్నదే. వచ్చే పండుగకు హాస్య కార్యక్రమంలో పావుగంట క్యాంపుల నుంచి వచ్చేవారికి, ఇళ్ళలో పనిచేసే ఆడపడుచులకు కేటాయిద్దాం. ముందుగా ఎవరూ వాళ్ళ మాట దిద్దకూడదు. నిజామాబాద్ మాట నిజామాబాద్ మాటగానే, సీమ మాట సీమ మాటగానే మైకులోకి రావాలి. రావడానికీ పోవడానికీ బస్సు మనమే పెడదాం. ముందు వరసలో నాలుగు కుర్చీలు వాళ్ళకు ఉంచుదాం. వాళ్ళు మన మీద నాలుగు చెణుకులు విసిరితే విజయనగర ప్రభువులా వినే ఓపిక మనకు ఉండాలి. వియ్యంకుడు పెళ్ళి పందిట్లో నవ్వినట్టు మనమూ నవ్వాలి. వాళ్ళు చెప్పినవాటిని మన సంచికలో వాళ్ళ పేర్లతో అచ్చు వేద్దాం.

మన పిల్లలకు దీనివల్ల లాభం ఉంది. ఇక్కడే పుట్టి, ఇంగ్లీషు బడుల్లో చదివే వాళ్ళకు తెలుగు అంటే అమ్మానాన్నలు మాట్లాడే ఒక్క రకం తెలుగే. తెలుగుకు ఇన్ని గొంతులున్నాయని, ఒక్కో గొంతు వెనక ఒక్కో ఊరు, ఒక్కో బతుకు ఉందని పాఠం చెబితే ఆవలిస్తారు. నవ్వుతూ వింటే పట్టుకుంటారు. రేపు వాళ్ళు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో మైకు ముందు నిలబడి తమ మాట మీద ఎవరైనా నవ్వితే, తల దించుకోకుండా తిరిగి నవ్వించడం కూడా నేర్చుకుంటారు.

నవ్విన నాపచేనే పండుతుందని మన సామెత. నాపచేను అంటే రాళ్ళ భూమి, చూసినవాళ్ళు ఇది పండదని నవ్వే భూమి. దున్నేవాడికి మాత్రం ఆ నేలలో ఏముందో తెలుసు. మన సభలో ఆ నేల చివరి వరసలో ఉంది.